అమ్మమ్మ చీర కట్టుకుంటే వేషం వేసినట్టు లేకుండా ఎలా?

బ్రాడీపేట పిల్ల:
అమ్మమ్మ ట్రంకుపెట్టె నా వాటాకి వచ్చింది. పైన నిజాం అంచు మంగళగిరి నేత చీర. దాని కింద వంగపండు రంగు పట్టుచీర, దాని మీదికి బుట్ట చేతుల జాకెట్టు. అట్టడుగున తాతయ్య టెరిలిన్ చొక్కా, కాలరు కుక్క చెవులంత ఉంది.

నేను జీన్సూ కుర్తీల మనిషిని. రోజూ గుంటూరు నుంచి బెజవాడకి రైల్లో ఆఫీసుకి పోతాను. మొన్న పట్టుచీర, జాకెట్టు, జుంకాలు, జడగంటలు అన్నీ వేసుకుని అద్దం ముందు నిలబడితే, మా తమ్ముడు "అక్కా, తెర ఎప్పుడు లేపుతారు?" అన్నాడు. వచ్చే నెల మా పెద్దమ్మ కూతురి పెళ్లి. పట్టుచీర కోసి లాంగ్ ఫ్రాక్ కుట్టేస్తామని ఒక బొటీక్‌లో అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మ నాతో మాట్లాడటం లేదు. ఏం చెయ్యమంటారు?

కత్తెర పిన్ని, వన్‌టౌన్:
ముందు ఆ చీర విప్పి కిటికీ దగ్గర వెలుతురుకి పట్టుకో. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంటే పట్టు అక్కడే పిగులుతుంది. మడతకి అటూ ఇటూ పట్టుకుని మెల్లగా లాగి చూడు. నిలిస్తే కత్తెర పెట్టకు. పిగిలితే పెళ్లిలో నువ్వు కూర్చోగానే వెనక చిరుగుతుంది. అప్పుడు కోసుకో, మీ అమ్మకి నేను చెప్తా.

జరీ నల్లబడితే చింతపండు పెట్టి తోమేవు, అది బిందె కాదు! వెండి జరీ నల్లబడుతుంది, అంతే. "పాత పట్టుచీరలు కొంటాం" అని వీధిలోకి వచ్చేవాళ్లు ఆ వెండి కోసమే వస్తారు. కలరా ఉండలు జరీకి తగలనివ్వకు.

ఇక వేషం సంగతి. ఒంటి మీద పాతది ఒక్కటే ఉండాలి. చీర అమ్మమ్మదైతే జాకెట్టు నీది, జాకెట్టు అమ్మమ్మదైతే చీర నీది. ఆ జడగంటలు మళ్లీ పెట్టెలో పెట్టెయ్.

మగ్గం మాస్టారు:
మంగళగిరి చీరకి ఇంత టెన్షన్ ఎందుకమ్మా? ఒంట్లో బుటాలుండవు, ఉన్నదంతా అంచులోనే. గుంట మగ్గం గుడ్డ, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. గంజి తగ్గించి, నీ తెల్ల కాటన్ చొక్కా మీదే కట్టుకుని రైలెక్కు.

గాంధీనగర్ బాబాయ్:
తాతయ్య చొక్కా గురించి ఎవరూ చెప్పలేదు. టెరిలిన్ చెమట పీల్చదు. రోహిణి కార్తెలో వేసుకుంటే ఏలూరు రోడ్డు దాటేలోపే ఒంటికి అతుక్కుంటుంది. ధనుర్మాసం దాకా ఆగు. బొత్తాలు పెట్టకుండా, లోపల తెల్ల టీషర్టు వేసుకో. ఇస్త్రీపెట్టె వేడి బాగా తగ్గించు. నేను ఇలాంటి చొక్కా మీద పెట్టె ఆకారం అచ్చు వేయించుకున్నవాణ్ణి.

బ్రాడీపేట పిల్ల:
పిన్నీ, కిటికీ దగ్గర పట్టుకుని లాగాను. ఎండు విస్తరాకు చిట్లినట్టు చిన్న చప్పుడు, నడిమి మడత పొడవునా పిగిలింది. అమ్మ పక్కనే ఉంది. కాసేపు చూసి, తనే కత్తెర తెచ్చిచ్చింది. పమిట చెంగు గట్టిగానే ఉంది. దానికి వెనక పల్చటి కాటన్ లైనింగ్ వేయించి దుపట్టా చేశాను. పెళ్లికి గంధం రంగు కుర్తా మీద అదే.

జాకెట్టు మాత్రం భలే గట్టిది. నాకు బిగుతైతే పక్క కుట్లు చూశాను, మూడు వరసలున్నాయి. లోపల రెండంగుళాల గుడ్డ వదిలారు. రెండు వరసలు విప్పాను. బయటంతా వెలిసిపోయింది గానీ, ఆ లోపలి గుడ్డ ఇప్పుడే కోసిన వంకాయలా మెరుస్తోంది. ఇప్పుడు చంక కింద నిలువుగా ముదురు పట్టీ కనపడుతోంది. దాన్నేం చెయ్యను?

కత్తెర పిన్ని, వన్‌టౌన్:
ఏం చెయ్యకు. చెయ్యెత్తితేగానీ కనపడదు. మూడో వరస మాత్రం విప్పకు, పెళ్లి భోజనాలున్నాయి కదా, తర్వాత పనికొస్తుంది.