వకాల్తా ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు?

ప్రశ్న: “వాడి తరఫున నువ్వెందుకు వకాల్తా పుచ్చుకుంటావు?” అని దెప్పుతుంటాం కదా. కోర్టులోనూ వకాల్తాకు ఇదే అర్థమా? మా పెదనాన్నగారు భూమి దావా కోసం ఈ మధ్యే ఒక వకాల్తా మీద సంతకం పెట్టారు. అందులో ఏముందో ఆయనకు తెలియదు.

జవాబు: అడగని వకాల్తా కోర్టులో చెల్లదండీ. వకీలు అన్నా, వకాల్తా అన్నా అరబ్బీ మూలం నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా మనకు వచ్చిన మాటలే. వకీలంటే మనం పని అప్పగించిన మనిషి. సివిల్ దావాలు నడిపే పద్ధతి చెప్పే చట్టం, 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, మూడో ఆర్డరు, నాలుగో రూలు కూడా ఆ సంగతే చెబుతుంది: కక్షిదారు గానీ, ఆయన అధికారమిచ్చిన వ్యక్తి గానీ సంతకం చేసిన పత్రం లేనిదే ఏ ప్లీడరూ ఆయన తరఫున వ్యవహరించకూడదు. పుచ్చుకోవాలంటే ముందు ఎవరో ఇవ్వాలి. మన వాడుకలో ఆ ఇచ్చే మనిషి మాయమైపోయాడు. కోర్టు ఆవరణలోనూ చాలాసార్లు అదే జరుగుతోందని నా బాధ.

వకాల్తానామా ఎలా ఉంటుందో చూడండి. పైన కోర్టు పేరు, కేసు నంబరు, పేర్లకు ఖాళీలు. కింద చిన్న అక్షరాలతో కిక్కిరిసిన ఒక పేరా: దావా నడపడం, కాగితాలు దాఖలు చేయడం, డబ్బు కట్టడం, తీసుకోవడం, రాజీపడడం, కేసు ఉపసంహరించుకోవడం. ఆ పనులన్నీ తాను చేసినట్టే ఒప్పుకుంటానని కక్షిదారు సంతకం. దానికి దిగువన ‘అంగీకరించాను’ అని లాయరు సంతకం. అసలైన పుచ్చుకోవడం ఆ చివరి సంతకమే. అయితే ఖాళీలు నింపకుండానే పైసంతకం పెట్టేవారు కోకొల్లలు.

రాజీ మాట అచ్చులో ఉంది కదా అని లాయరు తన ఇష్టం వచ్చినట్టు హక్కులు వదులుకోవడానికి లేదు. కక్షిదారు స్పష్టంగా చెబితేనే అలా చేయాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. లాయరు సేవ కక్షిదారు అదుపులో నడిచే వ్యక్తిగత సేవా ఒప్పందమనీ, అందుకే అది వినియోగదారుల చట్టం కిందికి రాదనీ 2024 మే నెలలో తీర్పిచ్చింది. అదుపు కక్షిదారు చేతిలోనే ఉందన్నారు కాబట్టి అడగడమూ మీ వంతే. ఫీజు సంగతి సాధారణంగా వకాల్తాలో ఉండదు, విడిగా రాయించుకోవాలి. గెలిస్తే ఇంత వాటా అనే బేరాన్ని బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు.

మళ్ళీ ప్రశ్న: లాయరును మార్చుకోవాలంటే? ఫీజు బాకీ ఉంటే ఫైలు ఇవ్వరట కదా?

జవాబు: మార్చుకోవచ్చు. రాతపూర్వకంగా కోరి, కోర్టు అనుమతితో పాత వకాల్తాను ముగించాలి. బాకీ కోసం ఫైలు అట్టిపెట్టుకునే హక్కు లాయరుకు లేదని 2000లోనే సుప్రీంకోర్టు తేల్చింది. బాకీ వసూలుకు ఆయనకు వేరే దారులున్నాయి. ముందుగా పెదనాన్నగారిని ఆ వకాల్తా నకలు అడిగి తీసుకోమనండి. రాజీ అన్న మాట ఎక్కడుందో మీరే దగ్గర కూర్చుని చదివి వినిపించండి.