ఉద్దానంలో ఇంటింటికీ కిడ్నీ పరీక్షలు: కావాలా, వద్దా?

జీడితోట:
మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పెద్దవాళ్లందరికీ క్రియాటినిన్ పరీక్ష, అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూసే రక్తపరీక్ష, చేయాలని కొందరు అడుగుతున్నారు. నేనైతే వద్దంటాను. ఇక్కడ చాలామందికి వస్తున్న ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు, నయం చేసే మందూ లేదు. ముందే తెలిసి ఏం లాభం, టెన్షన్ తప్ప? రిపోర్టు సంగతి ఊళ్లో తెలిస్తే పెళ్లి సంబంధాలు వెనక్కి పోతాయి.

కవిటి మాస్టారు:
బాబూ, నయం కాకపోయినా ముదరకుండా చూసుకోవచ్చు కదా. మనవైపు షుగరు, బీపీ లేని రైతుకూలీలకే చాలామందికి వస్తోంది. మొదట్లో ఒంట్లో ఏ సూచనా ఉండదు. కాళ్లు వాచి, అన్నం సయించక ఆస్పత్రికి వెళ్లేసరికి డయాలసిస్ దాకా వచ్చేస్తుంది. ముందే తెలిస్తే కనీసం ఒళ్లునొప్పులకి మందుల షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్ బిళ్లలు మానేస్తాడు. దెబ్బతిన్న కిడ్నీని అవి ఇంకా పాడుచేస్తాయి. నాకు ఈ ఒక్క కారణం చాలు.

ల్యాబ్ మనిషి:
క్రియాటినిన్ ఒక్కసారి ఎక్కువొచ్చినంత మాత్రాన దీర్ఘకాలిక జబ్బని చెప్పలేం మాస్టారూ. ఎండలో పనిచేసి, నీళ్లు సరిగా తాగకుండా వచ్చినా పెరగొచ్చు. మూడు నెలలాగి మళ్లీ చూడాలి, మూత్ర పరీక్షా చేయాలి. ఇంకో చిక్కుంది. కిడ్నీల పని సగానికి తగ్గేదాకా కూడా అంకె నార్మల్‌గానే కనిపించొచ్చు. చాలా క్యాంపుల్లో రక్తం తీసి, చీటీ చేతిలో పెట్టి వెళ్లిపోతారు. ఆ చీటీ పట్టుకుని ఎవర్ని అడగాలో జనానికి తెలీదు.

జీడితోట:
నేననేదీ అదేనండీ! 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచారు. ఆ డబ్బేదో అక్కడ డాక్టర్ల మీద పెట్టమనండి.

కవిటి మాస్టారు:
ఒంట్లో బాగానే ఉన్నవాడు కూలి పోగొట్టుకుని పలాస బస్సెక్కుతాడా? ఇంటికొచ్చి చెబితేనే వెళ్తాడు. పెళ్లిళ్ల మాటంటావా, రిపోర్టు నలుగురిలో చదవకుండా ఆ మనిషి చేతికే ఇవ్వమను.

ల్యాబ్ మనిషి:
రెండో పరీక్షకి తేదీ చెప్పలేకపోతే క్యాంపే పెట్టొద్దు. పేర్లు ఏఎన్ఎం రిజిస్టరులో ఉండాలి, రానివాళ్లని ఆశా వెళ్లి పిలవాలి. డబ్బు చాలకపోతే ఈ ఏడాది తక్కువ ఊళ్లు చేయండి, రెండో పరీక్ష మాత్రం ఎగ్గొట్టకండి.

జీడితోట:
అలాగైతే నాకు పేచీ లేదు. మొదటి చీటీ మీద "ఇంకా ఖాయం కాలేదు, మళ్లీ పరీక్ష చేయాలి" అని తెలుగులో పెద్దక్షరాలతో రాయించండి. ఇంగ్లీషు చీటీలో అంకె పక్కన చుక్క గుర్తు చూసి ఇల్లంతా ఏడ్చినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు.