కాల్క్యులస్ హోంవర్క్ మొత్తం ఆన్‌లైన్‌లోనే ఇవ్వడం సబబేనా?

అనంతరేఖ:
మొదటి సంవత్సరం వాళ్ళకి కాల్క్యులస్ చెబుతాను. ఒక్క సెక్షన్‌లో 110 మంది. ఈసారి నుంచి కాగితం మీద హోంవర్క్ తీసేసి అంతా ఆన్‌లైన్‌లోనే ఇద్దామని మా డిపార్ట్‌మెంట్‌లో అనుకుంటున్నారు. జవాబు టైప్ చేస్తే తప్పో ఒప్పో వెంటనే తెలుస్తుంది, మార్కులు కూడా అదే వేసేస్తుంది. నాకు మాత్రం మనసొప్పడం లేదు. ఎందుకో ఒక లెక్కతో చెబుతాను.

0 నుంచి 3 వరకు ఉన్న అంతరంలో 4ఎక్స్ మైనస్ ఎక్స్ స్క్వేర్‌కి గరిష్ఠ విలువ ఎంత? డెరివేటివ్‌ని సున్నా చేస్తే ఎక్స్ 2 వస్తుంది, విలువ 4. చాలామంది అక్కడే ఆగిపోతారు. అంతరం రెండు చివర్లలో కూడా విలువ చూడాలని వాళ్ళకి తట్టదు. అయినా 4 అని కొడితే పచ్చ గుర్తు వచ్చేస్తుంది. అదే అంతరం 0 నుంచి 1 వరకే అయితే జవాబు 3, ఎందుకంటే 2 అసలు ఆ అంతరంలోనే లేదు. కాగితం మీద దిద్దేటప్పుడు చివర్లు చూడలేదని నాకు ఇట్టే కనిపిస్తుంది, పక్కన రాస్తాను. పచ్చ గుర్తు వచ్చిన పిల్లవాడికి ఆ మాట ఎవరు చెబుతారు?

రాత్రిపక్షి:
మేడమ్, నేను రెండో సంవత్సరం విద్యార్థినిని. మీరన్నది నిజమే, కానీ కాగితం సంగతి కూడా చెప్పనివ్వండి. మొదటి టర్మ్‌లో మేం రాసిచ్చిన హోంవర్క్ మూడు వారాలకి తిరిగొచ్చేది. చివర ఒక టిక్కు, లేదంటే ఒక ఇంటూ. ఎక్కడ తప్పానో ఒక్క మాట రాసి ఉండేది కాదు. అప్పటికి పాఠం ఎక్కడికో వెళ్ళిపోయేది, ఆ కాగితాలు మళ్ళీ తెరిచి చూసింది లేదు.

రెండో టర్మ్‌లో ఆన్‌లైన్ పెట్టారు. రాత్రి పదకొండింటికి తప్పు అని వస్తే అప్పటికప్పుడు నోట్‌బుక్‌లో వెనక్కి వెళ్ళి వెతుక్కునేదాన్ని. చైన్ రూల్‌లో లోపలి ఫంక్షన్ డెరివేటివ్‌తో గుణించడం ప్రతిసారీ మరిచిపోతున్నానని నాకు తెలిసింది అప్పుడే. టీచర్ చెప్పినా అంత గట్టిగా పట్టేది కాదేమో.

నన్ను ఏడిపించింది టైపింగ్. సైన్ స్క్వేర్ ఎక్స్ కొట్టబోయి స్క్వేర్‌ని బ్రాకెట్ లోపల పెట్టాను. అది ఎక్స్ స్క్వేర్‌కి సైన్ అయిపోయింది. లెక్క సరిగ్గానే చేశాను, ఉన్న అయిదు ఛాన్సులూ పోయాయి. ఆ టెన్షన్‌కీ కాల్క్యులస్‌కీ ఏ సంబంధమూ లేదు.

చాక్‌పీస్:
తప్పు అని రాగానే వెనక్కి వెళ్ళి వెతికేవాళ్ళు మీలాంటి కొందరే అమ్మా. నేను ట్యుటోరియల్ క్లాసులో కళ్ళారా చూస్తున్నాను. ఎర్ర గుర్తు రాగానే ముందు మైనస్ పెట్టి చూస్తారు, తర్వాత 2తో భాగించి చూస్తారు. ఏదో ఒకటి తగులుతుంది. దాన్ని సాధన అనలేం.

ఇంకోటి, కాపీ. లెక్క టైప్ చేస్తే జవాబు చెప్పే వెబ్‌సైట్ వుల్ఫ్రామ్ ఆల్ఫా 2009లో వచ్చింది, ఫోటో తీస్తే స్టెప్పులతో సహా చెప్పే ఫోటోమ్యాథ్ 2014లో వచ్చింది. ఇప్పుడు ఏఐ కూడా ఉంది. చివరి జవాబు ఒక్కటే అడిగే హోంవర్క్‌కి మార్కులు పెడితే ఆ మార్కులు ఎవరివి?

పైగా కొన్నిచోట్ల ఆ ఆన్‌లైన్ సిస్టమ్‌లోకి వెళ్ళడానికి కావాల్సిన యాక్సెస్ కోడ్ విద్యార్థే కొనుక్కోవాలి. ఫీజు కట్టి చేరినవాళ్ళు హోంవర్క్ అప్పజెప్పడానికి మళ్ళీ డబ్బు కట్టడం అన్యాయం. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు.

మాక్సిమా:
ఆన్‌లైన్ అనగానే అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. నేను ఒక ఉచిత సిస్టమ్‌కి ప్రశ్నలు రాస్తుంటాను. వెబ్‌వర్క్‌నే తీసుకోండి. 1990ల మధ్యలో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ గేజ్, ఆర్నాల్డ్ పైజర్ అనే ఇద్దరు గణిత ఆచార్యులు దాన్ని తయారుచేశారు. ఓపెన్ సోర్స్, విద్యార్థి కోడ్ కొనక్కర్లేదు. ఒక్కొక్కరికి వేరే అంకెలతో లెక్క ఇవ్వగలదు కాబట్టి పక్కవాళ్ళ జవాబు చూసి రాయడం కుదరదు. (ఫోటో తీసి అడిగేవాళ్ళని అది ఆపలేదు, ఒప్పుకుంటాను. కాగితం కూడా ఆపలేదు.)

మీరు టైప్ చేసిన ఫంక్షన్‌నీ అసలు జవాబునీ కొన్ని బిందువుల దగ్గర లెక్కగట్టి పోల్చుతుంది. అందుకే రూపం వేరైనా ఒప్పుకుంటుంది. ఇక్కడ ప్రశ్న రాసేవాళ్ళ పనితనం ముఖ్యం. 2 సైన్ ఎక్స్ కాస్ ఎక్స్‌ని ఇంటిగ్రేట్ చేస్తే ఒకరికి సైన్ స్క్వేర్ ఎక్స్ వస్తుంది, ఇంకొకరికి మైనస్ కాస్ స్క్వేర్ ఎక్స్ వస్తుంది. రెండింటికీ తేడా 1, అంటే స్థిరాంకమే. ఆ స్థిరాంకాన్ని పట్టించుకోకుండా ప్రశ్న రాస్తే సరిగ్గా చేసినవాళ్ళకే సున్నా పడుతుంది.

క్రిస్ సాంగ్విన్ మొదలుపెట్టిన స్టాక్ అనే ఇలాంటి మరో సిస్టమ్‌లో ఇంకో సౌకర్యం ఉంది. ఫలానా తప్పు జవాబు వస్తే ఫలానా మాట చెప్పమని ముందే రాసిపెట్టవచ్చు. అనంతరేఖ గారి లెక్కలో అంతరం 0 నుంచి 1 అని ఇచ్చి, ఎవరైనా 4 కొడితే ‘మీ ఎక్స్ ఈ అంతరంలో ఉందా?’ అని అడిగించవచ్చు. మీరు ఎర్ర పెన్నుతో రాసే మాటే అది. 110 మందికీ అదే నిమిషంలో అందుతుంది.

అనంతరేఖ:
మాక్సిమా గారూ, అంతరం మార్చి అడగడం నాకు తట్టలేదు. కాగితం మీద ఇచ్చినా ఇకనుంచి అలాగే ఇస్తాను.

కానీ ఆ తప్పు నాకు ముందే తెలుసు కాబట్టి కుదిరింది. పోయిన టర్మ్‌లో ఒకబ్బాయి 1 బై ఎక్స్ స్క్వేర్‌ని మైనస్ 1 నుంచి 1 వరకు ఇంటిగ్రేట్ చేసి మైనస్ 2 అని రాశాడు. ప్రతి స్టెప్పూ శుభ్రంగా ఉంది. గ్రాఫ్ మొత్తం అక్షానికి పైనే ఉంటే వైశాల్యం మైనస్ ఎలా వస్తుందని పిలిచి అడిగాను. కాసేపు అలాగే చూశాడు, తర్వాత సున్నా దగ్గర వేలు పెట్టి ‘ఇక్కడ ఫంక్షనే లేదు మేడమ్’ అన్నాడు. ఆ ఇంటిగ్రల్‌కి విలువే లేదని తర్వాత తనే చెప్పాడు. సిస్టమ్ ఎర్ర గుర్తు మాత్రమే చూపించి ఉంటే, చాక్‌పీస్ గారు చెప్పినట్టు, మైనస్ తీసేసి 2 అని కొట్టి చూసేవాడు. కాగితం మీద అతని ఆలోచన మొత్తం నా ముందు ఉంది కాబట్టే ఆ ప్రశ్న అడగగలిగాను.

చాక్‌పీస్:
మరి 110 మందికి వారానికి పది లెక్కలంటే 1,100 లెక్కలు. అన్నీ అలా దిద్దగలరా? రాత్రిపక్షికి వచ్చిన ఆ ఉత్త టిక్కులు అలా పుట్టినవే. ఆన్‌లైన్ వద్దన్న నేనే ఈ మాట అంటున్నాను.

అనంతరేఖ:
దిద్దలేను. అందుకే డిపార్ట్‌మెంట్‌లో ఇలా అడుగుదామనుకుంటున్నాను. డెరివేటివ్‌లు, సబ్‌స్టిట్యూషన్ లాంటి చేతికి అలవాటు కావాల్సినవి ఆన్‌లైన్‌లో, ఉచిత సిస్టమ్‌లోనే, ఎన్నిసార్లయినా ప్రయత్నించేలా, తక్కువ మార్కులకి. వారానికి రెండే రెండు లెక్కలు కాగితం మీద, పూర్తి స్టెప్పులతో. ఆ రెండూ మాటల్లో రాసి దిద్దుతాను.

చాక్‌పీస్:
ఎన్నిసార్లయినా అంటే ఊహించి కొట్టడం ఇంకా పెరుగుతుంది. మూడు తప్పులకి అంకెలు మార్చి కొత్త లెక్క వచ్చేలా పెట్టండి, అప్పుడు ఒప్పుకుంటాను.

మాక్సిమా:
అది పెట్టవచ్చు. సెట్టింగ్స్‌లో ఉంటుంది.

రాత్రిపక్షి:
మేడమ్, రెండు విన్నపాలు. మొదటి వారం మార్కులు లేకుండా బ్రాకెట్లు ఎలా పెట్టాలో నేర్పే లెక్కలు ఇవ్వండి. కాగితం మీద రాసిన రెండూ తర్వాతి హోంవర్క్ ఇచ్చేలోపు మా చేతికి రానివ్వండి.