కంచె మీద తీగ అగ్నిశిఖేనా? దుంప మోకాళ్లకు పూయొచ్చా?

వానలు మొదలయ్యాక మా పొలం కంచె మీద ఓ తీగ పాకింది. ఆకు కొసే నులితీగలా చుట్టుకుని ముళ్లకంపను పట్టేస్తోంది. పువ్వుకు ఆరు రేకులు, అంచులు అలలు తిరిగి మంటలా పైకి లేచి ఉంటాయి. విచ్చినప్పుడు పసుపు, రెండు మూడు రోజులకు ఎరుపు. ఎంత అందమో! నాకైతే అగ్నిశిఖే అనిపిస్తోంది, మా నాయనమ్మ 'అడవినాభి' అంటోంది.

దాని దుంప అరగదీసి మోకాళ్లకు పట్టు వేయమని ఒకటే గోల. నా టెన్షనల్లా, ఆ దుంపలో కాల్చిసిన్ ఉంటుంది, కడుపులోకి పోతే ప్రాణాంతకం. గోమూత్రంలో శుద్ధి చేశాకే వైద్యులు వాడతారని విన్నాను. ఆయుర్వేదం చదివినవారు చెప్పండి, పచ్చి దుంప పైపూతగానైనా ఫర్వాలేదా? నాలుగేళ్ల పాప ఉన్న ఇల్లు, అసలు తీగనే తవ్వేయమంటారా?