ఫోను చూపిస్తేనే ముద్ద మింగే పాప: ఈ అలవాటు మాన్పించడం ఎలా?

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక తల్లి):

అందరికీ నమస్కారం. మా పాపకు ఇరవై ఆరు నెలలు. పుట్టినప్పుడు 3 కిలోలు, ఏడాది నిండేసరికి 9 కిలోలు, ఇప్పుడు 11.7 కిలోలు ఉంది. ఏడాది దాటినప్పటి నుంచి అన్నం గిన్నె కనిపిస్తేనే మొహం తిప్పుకుంటోంది. ఫోనులో పాటల వీడియో నడిచినంతసేపే నోరు తెరుస్తుంది. అది ఆగితే నోట్లో ఉన్న ముద్దను బుగ్గన పెట్టుకుని కూర్చుంటుంది. పూటకు ముప్పావు గంట ఇలాగే గడుస్తోంది. తిండి చాలదేమోనన్న భయంతో రోజుకు మూడుసార్లు, పావు లీటరు చొప్పున, సీసాతో పాలు పట్టిస్తున్నాము. మా అత్తయ్య గారు ప్రేమకొద్దీ "ఎలాగోలా కడుపులోకి వెళితే చాలు" అంటారు. నాకు మాత్రం ఇది పాపకు మేలు చేయడం లేదని అనిపిస్తోంది. వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు కాబట్టి, పరిశోధనలకు నిలిచిన సంగతులు తెలిసినవారు చెబితే వాటినే పాటించాలని ఉంది.

జవాబు (పిల్లల వార్డులో పనిచేసి పదవీ విరమణ చేసిన నర్సు, రాజమహేంద్రవరం):

అమ్మా, మీరు రాసిన బరువులనే మరోసారి చూడండి. మొదటి ఏడాదిలో 6 కిలోలు పెరిగిన బిడ్డ ఆ తరువాతి పద్నాలుగు నెలల్లో 2.7 కిలోలే పెరిగిందంటే అది జబ్బు కాదు, ఆ వయసు తీరే అంత. పుట్టిన బరువు ఏడాదికి దాదాపు మూడింతలవుతుంది. రెండో ఏడాదిలో రెండు, రెండున్నర కిలోలు పెరిగితే చాలు. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలీ తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లో పెద్దలకు బిడ్డ తిండి మానేసిందనిపించి, బుజ్జగింపులూ బలవంతాలూ మొదలవుతాయి. టీకాల పుస్తకంలోని బరువు గ్రాఫులో చుక్కలు కలిపి, గీత తన దారిన పైకి వెళుతోందో లేదో చూసుకోండి.

నన్ను కలవరపెట్టింది పాల లెక్క. రోజుకు 750 మిల్లీలీటర్ల పాలు తాగే బిడ్డకు అన్నం మీద ఆకలి ఎక్కడ మిగులుతుంది? అర లీటరు దాటనివ్వకండి. సీసా మాన్పించి, భోజనమయ్యాక గ్లాసుతో ఇవ్వండి. పాలలో ఇనుము బహు తక్కువ, పైగా ఇతర ఆహారంలోని ఇనుమును కూడా అవి సరిగా ఒంటబట్టనివ్వవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైన బిడ్డకు ఆకలి కూడా మందగిస్తుంది కనుక ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఈ వయసులో 11 గ్రాములకు తగ్గితే లోపమున్నట్టే. వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు చొప్పున ప్రభుత్వం ఇచ్చే ఐరన్ సిరప్ నివారణ కోసం. లోపమే ఉంటే మోతాదు డాక్టరు నిర్ణయించాలి.

జవాబు (డాలస్‌లో ఉంటున్న హైదరాబాదు తండ్రి):

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం ఏడాది వయసు పిల్లలకు తెర అసలే వద్దు. రెండు నుంచి నాలుగేళ్లవారికి రోజుకు గంట మించకూడదు, తగ్గినకొద్దీ మంచిది. నన్ను మార్చింది మాత్రం పిల్లలు భాష నేర్చుకునే తీరును పరిశోధించే ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం. తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు చైనాలో మాట్లాడే మాండరిన్ భాషను పన్నెండు విడతలుగా వినిపించారు. ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు పిల్లలు ఆ భాష ధ్వనుల తేడాను పట్టుకోగలిగారు; అవే మాటలను తెర మీద చూపిస్తే ఏమీ నేర్వలేదు.

ఏం వండాలి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దల పని. ఎంత తినాలి, అసలు తినాలా అన్నది బిడ్డ పని. ఎలిన్ శాటర్ అనే ఆహార నిపుణురాలు చెప్పిన ఈ పద్ధతిని మేము బీరకాయ కూరతో పరీక్షించాము. ఒక చెంచా కూర బాబు పళ్లెం అంచున పెట్టి, ఒక్క మాటా అనకుండా మా భోజనం మేము చేసేవాళ్లం. మొదట నెట్టేశాడు, తరువాత వేలితో నొక్కి చూశాడు, ఒకరోజు నాకి ఉమ్మేశాడు, పదోసారో పదకొండోసారో నమిలి మింగాడు. కొత్త రుచి అలవడడానికి ఎనిమిది నుంచి పదిహేనుసార్లు పట్టవచ్చునట. మనమేమో మూడోసారికే వీడికి బీరకాయ పడదని తీర్మానించేస్తాము.

జవాబు (నెల్లూరు నుంచి ఒక అమ్మమ్మ):

మేము పిల్లలను చంకనెత్తుకుని, అరుగు మీద కాకినీ చందమామనూ చూపిస్తూ గోరుముద్దలు పెట్టాము. అదీ, ఈ ఫోనూ ఒకటేనా?

జవాబు (రాజమహేంద్రవరం నర్సు):

ఒకటి కావండీ. కాకిని చూసి బిడ్డ "కా" అంటే మీరు "అవును, దానికీ ఆకలేస్తోంది" అని ఉంటారు. పిల్లలకు మాటలు వచ్చేది ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే. తెరకు బిడ్డ జవాబుతో పని లేదు. అయితే చూపు మరల్చి ముద్ద పెట్టేయడం రెండింటిలోనూ ఉంది, కడుపు నిండిన సంగతి బిడ్డకు తెలియకుండా పోతుంది. తిరుగుతూ, నవ్వుతూ తింటే పొరపోయే ప్రమాదం కూడా ఉంది. కథ చెప్పండి, కానీ కూర్చోబెట్టి చెప్పండి, తన చేత్తో తననే తిననివ్వండి.

ప్రశ్న అడిగిన తల్లి, మూడు వారాల తరువాత:

హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది; డాక్టరు గారు ఐరన్ మందు రాశారు. పాలు రెండు గ్లాసులకు తగ్గించి, భోజనాల వేళ ఫోన్లన్నీ బీరువాలో పెడుతున్నాము. మొదటి రెండు రోజులు నాలుగు ముద్దల పెరుగన్నం తప్ప పాప ఏమీ ముట్టలేదు. ఆ రాత్రి నాకు ఏడుపు ఆగలేదు. ఐదో రోజున అత్తయ్య గారి పళ్లెంలోంచి పప్పన్నం తానే తీసుకుంది, సగం గౌను మీద పోసుకుంది. ఇప్పుడు ఇరవై నిమిషాల్లో భోజనం ముగుస్తోంది. నిన్న రాత్రి అత్తయ్య గారు చివరి ముద్ద అందించబోతే, పాప చేయి అడ్డం పెట్టి "చాలు" అంది. ఆవిడ ఒక్క క్షణం పాప వంక చూసి, ఆ ముద్ద తన నోట్లో పెట్టుకున్నారు.