అప్‌డేట్: ఐస్ ఆగర్‌కి ఏ కార్డ్‌లెస్ డ్రిల్ తీసుకున్నానంటే

గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికి 6 అంగుళాల ఆగర్ (మంచులో రంధ్రం చేసే పెద్ద మర లాంటి పరికరం) తిప్పాలి, పాత డ్రిల్ సగం రంధ్రానికే ఆగిపోతోంది, ఏది కొనాలి అని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

18 వోల్టుల బ్రష్‌లెస్ డ్రిల్, 13 మి.మీ. చక్ (బిట్టుని బిగించి పట్టుకునే భాగం), 5 ఆంపియర్-అవర్ బ్యాటరీ తీసుకున్నాను. అసలు తేడా మాత్రం గేర్‌తో వచ్చింది. "స్పీడు చూడకండి, టార్క్ (తిప్పే బలం) చూడండి, నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగే 1వ గేర్‌లోనే తిప్పండి" అన్న మాట నూటికి నూరుపాళ్లూ నిజం. పాత డ్రిల్‌ని నేను 2వ గేర్‌లో పెట్టి, మొద్దుబారిన బ్లేడ్లతో అవస్థ పెట్టాను. బ్లేడ్లు కూడా మార్చేశాను.

హ్యామర్ మోడ్ (సుత్తిలా కొడుతూ తిప్పే పద్ధతి) గురించి అంత చర్చ జరిగింది కానీ అది కాంక్రీటుకే, ఇక్కడ అక్కర్లేదు.

పక్క హ్యాండిల్ తప్పనిసరి. బ్లేడు మంచులో ఇరుక్కుంటే డ్రిల్ ఒక్కసారిగా తిరిగి మణికట్టు మెలిపడుతుంది. చక్ వదులైతే ఆగర్ నీళ్లలో మునిగిపోకుండా పైన వెడల్పాటి ప్లేటు బిగించాను, ఇప్పుడు ఆ టెన్షన్ లేదు.

స్పేర్ బ్యాటరీని కోటు లోపలి జేబులో ఉంచుతున్నాను. చలికి చల్లబడితే చార్జి త్వరగా పడిపోతుంది. ఇంటికొచ్చాక అది గది వేడికి వచ్చేదాకా చార్జింగ్ పెట్టను.