‘రక్తం తక్కువ’ అనడం తప్పా?

పెద్దలందరికీ నమస్తే. మా బస్తీ దవాఖానలో అమ్మకి రక్తపరీక్ష చేశారు. హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. అక్కడి సిస్టర్ “రక్తం తక్కువుందమ్మా” అంది. అప్పటినుంచి అమ్మకి ఒకటే టెన్షన్, “నా రక్తమంతా ఎటు పోయింది?” అని. ఈ మాట తప్పు కదా? ‘రక్తహీనత’ అంటే సరిపోతుందా?

జవాబు:

అక్కా, నారాయణగూడ వైపు ఒక ల్యాబ్‌లో రిపోర్టులు చూడటం నా పని. రక్తహీనత అన్నా అమ్మగారి భయం తీరదు. హీనత అంటే లేకపోవడమే కదా. ఎనీమియాకి మూలమైన గ్రీకు మాటకీ అదే అర్థం. ఆయుర్వేదంలో పాండురోగం అన్నారు. పాండు అంటే పాలిపోయిన రంగు. నాకు ఈ పేరే నచ్చుతుంది, ఎందుకంటే కంటికి కనబడేదే చెబుతుంది. డాక్టర్లు కింది రెప్ప లాగి చూసేది ఆ పాలిపోవడాన్నే.

అలాగని సిస్టర్ మాటని కొట్టిపారేయలేం. రక్తం అనే మాట రంజ్ ధాతువు నుంచి వచ్చింది. రంగు పట్టినది, ఎర్రనిది అని అర్థం. అలా చూస్తే రక్తం తక్కువ అంటే ఎరుపు తక్కువ. ఆ ఎరుపే హిమోగ్లోబిన్. ‘నెత్తురు తక్కువ’ అన్నామంటే మాత్రం ఈ సర్దుబాటు కుదరదు.

చిక్కు ఎక్కడంటే, వినేవాళ్లు లీటర్ల లెక్కన అర్థం చేసుకుంటారు. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. రిపోర్టులోని 9.2 ఆ లెక్క కాదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఎన్ని గ్రాముల హిమోగ్లోబిన్ ఉందో అది చెబుతుంది. ఆడవాళ్లకి 12, మగవాళ్లకి 13 కన్నా తగ్గితే ఎనీమియా అంటారు. గర్భిణులకి మామూలుగా 11 హద్దుగా పెట్టుకుంటారు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం నిజానికి పెరుగుతుంది, కాకపోతే కణాలకన్నా ప్లాస్మా, అంటే రక్తంలోని నీరులాంటి భాగం, ఎక్కువ పెరిగి అంకె పలచబడుతుంది. రక్తం పెరిగిన మనిషితోనే ‘రక్తం తక్కువ’ అంటున్నామన్నమాట!

డెంగ్యూలో ఇది తిరగబడుతుంది. ప్లాస్మా నాళాల్లోంచి బయటికి కారిపోతే మిగిలిన రక్తం చిక్కబడి పీసీవీ (రక్తంలో ఎర్రకణాల వాటా ఎంత శాతమో చెప్పే అంకె) పెరుగుతుంది, హిమోగ్లోబిన్ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. నాళాల్లో పారేది అప్పుడు నిజంగానే తగ్గుతుంది. వానాకాలం మన హైదరాబాద్‌లో ఇంటింటా ప్లేట్‌లెట్ల అంకే అడుగుతారు, పీసీవీని ఎవరూ పట్టించుకోరు. నాకు బాధ కలిగించేది ఇదే.

కాబట్టి మాట మార్చడంకన్నా దాని వెనకాల ‘ఎందుకు’ అనే ప్రశ్న చేర్చండి. అమ్మగారి రిపోర్టులోనే ఎంసీవీ అని ఉంటుంది, ఎర్రకణం సైజు అది. 80 కన్నా తక్కువైతే ముందు ఐరన్ లోపం అనుమానిస్తారు. తలసీమియా క్యారియర్లలోనూ, అంటే ఆ వంశపారంపర్య రక్తవ్యాధి జన్యువుని మోసేవాళ్లలోనూ, కణాలు చిన్నగానే ఉంటాయి, ఐరన్ లోపం లేకుండా వాళ్లకి ఐరన్ మాత్రలు వేస్తే లాభం లేదు. 100 దాటితే బీ12, ఫోలేట్ వైపు చూస్తారు. నెలసరి ఆగిపోయిన వయసులో ఐరన్ లోపం తేలితే కడుపులో, పేగుల్లో ఎక్కడైనా రక్తం పోతోందేమో తప్పకుండా వెతకాలి. బీట్‌రూట్ జ్యూస్‌తో సరిపెట్టొద్దు. దాని ఎరుపు వేరే రంగు పదార్థం, ఒంట్లోకి వెళ్లి హిమోగ్లోబిన్‌గా మారదు.

మరో సభ్యుడు: సార్, మూత్రం రిపోర్టులో ‘పస్ సెల్స్ 3–4’ అని ఉంటే మా ఇంట్లో ‘చీము పట్టింది’ అంటున్నారు. అది కూడా ఇలాంటిదేనా?

జవాబు:

అవును తమ్ముడూ. అవి తెల్లరక్తకణాలు. మైక్రోస్కోప్‌లో ఒక్కో ఫీల్డుకి 5 దాకా కనిపించడం సాధారణంగా మామూలే. ‘తెల్లకణాలు’ అంటే చాలు, చీము అనే మాట అనవసరంగా హడలగొడుతుంది. అదే రిపోర్టులో ఎపిథీలియల్ సెల్స్ ఎక్కువగా ఉంటే, చర్మం మీదివి శాంపిల్‌లో కలిసి ఉండొచ్చు. అప్పుడు శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి, నడుమ వచ్చేది పట్టి మళ్లీ ఇవ్వాలి. మంట, జ్వరం ఉండి డాక్టర్ కల్చర్ (సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) రాస్తే, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే శాంపిల్ ఇవ్వండి. మందు పడ్డాక ఇస్తే ఇన్ఫెక్షన్ ఉన్నా సూక్ష్మజీవి పెరగకపోవచ్చు.